మన పేరు ఏ ఊరి జాబితాలో ఉన్నది?

వయోజనుల బైబిలు తరగతికి పాఠము
చదువవలసిన భాగములు: లూకా 2:1–5, యిర్మీయా 29:4–7, అపొస్తలుల కార్యములు 22:25–29, ఫిలిప్పీయులకు 3:20



లూకా సువార్త రెండవ అధ్యాయమును మనము క్రిస్మసు దినములలో మాత్రమే చదివి విడిచిపెట్టుచుందుము. ఆ మొదటి అయిదు వచనములను ఈసారి వేరొక దృష్టితో చదవండి. యోసేపు పని చేసికొని బ్రదుకుచున్నది నజరేతులో. అతని పేరు వ్రాయవలసినది మాత్రము బేత్లెహేములో, ఏలయనగా అది అతని పితరుల ఊరు. కైసరు ఆజ్ఞ గనుక, గర్భవతియైన మరియను వెంటబెట్టుకొని అంత దూరము పోవలసి వచ్చెను.

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో అనేకుల పరిస్థితి ఇదే. బ్రదుకు బెంగుళూరులోనో, షోలాపూరులోనో, బరంపురములోనో. పేరు మాత్రము ఒంగోలు ప్రక్కనో, పాలమూరు ప్రక్కనో ఉన్న ఒక పల్లె ఓటర్ల జాబితాలో. యోసేపునకు వేరు దారి లేదు. మనకు ఉన్నది. ఈ విషయములో మన దేశపు చట్టము కైసరు ఆజ్ఞకు సరిగా వ్యతిరేకమైనది. నీ పితరుల ఊరు ఏదని అది అడుగదు. నీవు ఎక్కడ కాపురమున్నావని అడుగును.

2024 ఏప్రిల్ 26న బెంగుళూరులో లోకసభ ఎన్నికలు జరిగిన దినమున మా సంఘపు స్త్రీల సమాజములోని ఒక తల్లి ఉదయమే వెళ్ళి వరుసలో నిలిచినది. ముప్పది ఏండ్లకు పైగా అదే వీధిలో కాపురము. చేతిలో ఓటరు కార్డు ఉన్నది. తీరా లోపలికి పోగా జాబితాలో పేరు లేదన్నారు. "కార్డు ఉన్నది కదా నాయనా" అని ఆమె తనకు వచ్చిన కన్నడములో అడిగినది. "కార్డు ఉంటే చాలదమ్మా, పేరు ఈ బూతు జాబితాలో ఉండాలి" అని ఆ అధికారి మర్యాదగానే చెప్పెను. ఆయన చెప్పినది నిజమే. ఆ కార్డు ఆమె అన్నగారు ఎప్పుడో పుట్టింటి ఊరిలో తీయించినది. అక్కడ పోలింగు మే 13న. మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా బస్సులో కూర్చుని పోలేక ఆమె అక్కడ కూడ వేయలేదు. ఆమెకు ముందుగా చెప్పవలసినవారము మనమే, ఎవరమును చెప్పలేదు. ఈ పాఠము వ్రాయుటకు కారణము అదే.

ఓటు హక్కు ఎవరికి?

భారత పౌరుడై, 18 సంవత్సరములు నిండి, ఒక నియోజకవర్గములో సాధారణముగా నివసించు ప్రతి వ్యక్తికిని ఓటరుగా నమోదగు హక్కు కలదు. పూర్వము 21 ఏండ్లుండెను. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989 నుండి 18 అయినది. మతము, జాతి, కులము, స్త్రీ పురుష భేదము, వీటిని బట్టి ఎవరి పేరును జాబితా నుండి త్రోసివేయరాదని రాజ్యాంగము 325వ అధికరణములో ఉన్నది. నమోదు ఫారములో మీ మతమేదని గాని, కులమేదని గాని అడుగరు. "మనము తెలుగువారము, ఇక్కడి భాష సరిగా రాదు, మనకు ఇక్కడ ఓటు ఇస్తారా?" అని ఇంకను అడుగువారున్నారు. మాతృభాషకు ఓటు హక్కుతో ఏ సంబంధమును లేదు.

మరియొక అపోహ. కె.జి.ఎఫ్. వంటి రిజర్వుడు నియోజకవర్గములో, రికార్డులలో క్రైస్తవులుగా ఉన్నవారికి ఓటుండదని కొందరనుకొందురు. రిజర్వేషను పోటీ చేయు అభ్యర్థికే. ఓటు అక్కడ నివసించు అందరిది.

పూర్వము జనవరి 1 నాటికి 18 నిండినవారినే చేర్చుకొనేవారు. 2022 నుండి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు లెక్కలోనికి వచ్చినవి. 17 నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకొనవచ్చును. మన యౌవనస్థుల కూటమి నాయకులు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నను మేలే.

సాధారణ నివాసి అనగా ఎవరు?

ఇక్కడ కొంచెము ఆగి చదువవలెను. మనవారి చిక్కులన్నియు ఈ మాట దగ్గరనే ఉన్నవి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 20వ సెక్షను రెండు సంగతులు చెప్పుచున్నది. ఒక ఊరిలో నీకు సొంత ఇల్లు ఉన్నంత మాత్రమున నీవు అక్కడి నివాసివి కావు. అట్లే, నివసించు చోటు నుండి తాత్కాలికముగా ఎక్కడికైనను వెళ్ళినంత మాత్రమున అక్కడి నివాసము పోదు.

మొదటిది ఊరిలో తాళము వేసిన ఇల్లు ఉంచుకొని, పండుగకొకసారి పోయి సున్నము వేయించి వచ్చువారికి వర్తించును. ఆ ఇల్లు మీదే, దానిని ఎవరును కాదనరు. కాని కాపురము లేదు గనుక ఓటు అక్కడిది కాదు. రెండవది నాలుగు నెలలు పనికి వచ్చి తిరిగి పోవు కూలివారికి వర్తించును. వారి కాపురము ఊరిలోనే ఉన్నది, ఓటును అక్కడే. బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత కె.జి.ఎఫ్. నుండి తెల్లవారక ముందే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగి వచ్చువారు ఎందరో ఉన్నారు. వారి ఓటు నిద్రించు చోటిదే, పని చేయు చోటిది కాదు. హాస్టలులో ఉండి చదువుకొను విద్యార్థి తల్లిదండ్రుల ఇంటి వద్ద గాని, హాస్టలు చిరునామాతో గాని, ఏదో ఒక చోట నమోదు కావచ్చును. ఇన్ని నెలలు ఉండి తీరవలెనని ఇప్పటి చట్టములో లేదు.

ఇల్లే లేనివారి మాటేమి? ముంబయి, పూనా నగరములలో కట్టడపు పనులలో ఉండి, పట్టా కప్పుకొని కాలిబాటన పడుకొను మనవారున్నారు. వారికి చిరునామా పత్రము అక్కరలేదు. ఫారములో వ్రాసిన చోటికి బూతు స్థాయి అధికారి, అనగా బి.ఎల్.ఓ., రాత్రివేళ వచ్చి ఆ మనిషి అక్కడనే నిద్రించుచున్నాడని చూచి ధృవపరచును. ఈ ఏర్పాటు ఉన్నదని వారికి చెప్పువారే లేరు.

సైన్యములో ఉన్న మన బిడ్డలకు మినహాయింపు కలదు. వారును, వారితో ఉన్న భార్యలును స్వంత ఊరి జాబితాలోనే సర్వీసు ఓటర్లుగా ఉండవచ్చును. రైల్వే, బ్యాంకు ఉద్యోగులు కేంద్రపు జీతము తీసికొన్నను ఈ మినహాయింపులోనికి రారు.

రెండు చోట్ల పేరున్నవారు

ఇప్పుడు కష్టమైన మాట. ఇక్కడ ఒక ఓటు, ఊరిలో ఒక ఓటు ఉన్నవారు మన సంఘములలో లేరని చెప్పలేము. సర్పంచి ఎన్నిక వచ్చినప్పుడు మన తమ్ముడో, బావగారో నిలబడును, బస్సు పెట్టి పిలుచుకొనిపోవుదురు, భోజనము పెట్టుదురు. "ఆ ఓటు తీయించుకొంటే ఊరితో సంబంధము పోతుంది, పొలము మీద హక్కు పోతుంది" అని భయపెట్టువారును ఉన్నారు. పొలము పాసుపుస్తకమునకు, ఓటర్ల జాబితాకు సంబంధము లేదు. జాబితాలో పేరున్నంత మాత్రమున సెంటు భూమి రాదు, లేనంత మాత్రమున పోదు.

చట్టము ప్రకారము ఒక్కరి పేరు ఒక్క నియోజకవర్గములోనే ఉండవలెను. తెలిసి అబద్ధపు ప్రకటన చేసి పేరు వ్రాయించుకొన్నవారికి ఒక సంవత్సరము వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు లోకసభ స్థానములలో ఓటు వేసినచో, చెల్లకుండ పోవునది రెండవది ఒక్కటే అనుకొనవద్దు. రెండును చెల్లవు.

2024లో తమిళనాడు, పుదుచ్చేరిలో పోలింగు ఏప్రిల్ 19న, ఆంధ్రలోను తెలంగాణలోను మే 13న జరిగినది. మధ్య ఇరువది నాలుగు దినములు. వ్రేలి సిరా చెరిగిపోవునంత కాలము గనుక శోధన ఎంత దగ్గరగా ఉన్నదో చెప్పనక్కరలేదు. యానాములోని సహోదరుల సంగతి మరింత సున్నితము. పుదుచ్చేరి శాసనసభలో యానాము ఒక నియోజకవర్గము, చుట్టును ఆంధ్రప్రదేశే. ఇల్లు ఒక ప్రక్క, కొబ్బరితోట మరియొక ప్రక్క ఉన్న కుటుంబము ఏ ప్రక్కన కాపురమున్నదో ఆ ప్రక్కనే ఓటుంచుకొనవలెను. బరంపురము, కొరాపుట్ ప్రాంతములలో ఆ సంవత్సరము పోలింగు ఆంధ్రతో పాటు మే 13ననే పడినది గనుక, రెండు పేర్లున్నవారి ఒక ఓటు ఎట్లును మురిగిపోయినది.

మనము బాప్తిస్టులము. ఈ సంగతి మనకు ఎవరును నేర్పనక్కరలేదు. ఒంగోలు సంఘము నుండి వచ్చిన కుటుంబము బదిలీ ఉత్తరము తెచ్చి ఇక్కడ ఇచ్చిన తరువాతనే సంఘపు వ్యవహార కూటములో చేయి ఎత్తును. రెండు సంఘముల పుస్తకములలోను పేరుంచుకొని రెండు చోట్లను చేయి ఎత్తువానిని మనము ఏమందుము? ఓటర్ల జాబితాకు కూడ అటువంటి బదిలీ ఉత్తరము ఒకటి ఉన్నది. దాని పేరు 8వ ఫారము.

పేరు మార్చుకొను విధము

మొదటిసారి ఓటరగువారికి 6వ ఫారము. ఎక్కడనైనను ఇప్పటికే పేరున్నవారు ఊరు మారినప్పుడు 8వ ఫారము. ఇది వేరే రాష్ట్రమునకు మారినవారికి కూడ వర్తించును. 2022 ఆగస్టు నుండి ఈ పద్ధతి వచ్చినది. అంతకు ముందు వేరే నియోజకవర్గమునకు మారినవారు కూడ 6వ ఫారమే ఇచ్చేవారు గనుక, పాత అలవాటున ఇప్పటికిని దానినే నింపి ఇచ్చి రెండు చోట్ల పేరు పడినవారున్నారు. 8వ ఫారములో పాత కార్డు నంబరు వ్రాసినచో ఇక్కడ చేర్చుట, అక్కడ తొలగించుట ఒకే దరఖాస్తుతో జరుగును. ఇప్పటికే రెండు చోట్ల ఉన్నవారు అక్కరలేని చోట తీసివేయుటకు 7వ ఫారము ఇవ్వవలెను.

పెండ్లియై ఆంధ్ర నుండి వచ్చిన కోడండ్ర విషయములో అత్తగారులు శ్రద్ధ వహించవలెను. మా జాబితాలు తిరగవేసి చూచినప్పుడు లేని పేర్లలో ఎక్కువ వారివే.

చిరునామాకు ఆధారు, బ్యాంకు లేక పోస్టాఫీసు పాసుపుస్తకము, కరెంటు లేక నీటి బిల్లు, రిజిస్టరు చేసిన అద్దె పత్రము, ఇట్టివాటిలో ఒకటి చాలును. ఏదియు లేనిచో బి.ఎల్.ఓ. ఇంటికి వచ్చి విచారించి వ్రాసికొనును. ఫారము బి.ఎల్.ఓ.కు గాని, ఓటరు నమోదు అధికారి కార్యాలయములో గాని, ఎన్నికల కమిషను వెబ్‌సైటులో గాని ఇవ్వవచ్చును. 1950 నంబరుకు ఫోను చేసి వివరములు తెలిసికొనవచ్చును. నామినేషన్ల చివరి తేదీ దాటిన తరువాత జాబితాలో ఏ మార్పును చేయరు. ఆక్షేపణలకు ముందుగా వారము గడువుండును గనుక, ఎన్నికల ప్రకటన విన్న తరువాత పరుగెత్తువారికి సమయము చాలదు.

పేరు వ్రాయుటలో వచ్చు చిక్కు మనకు ప్రత్యేకమైనది. మనకు ఇంటిపేరు ముందు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి లేక భర్త పేరు, ఆపైన ఇంటిపేరు అను మూడు గడులుండును. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరమే చాలునందురు. తమిళ లిపిలో "ద"కు "త"కు, "బ"కు "ప"కు వేరు అక్షరములు లేవు గనుక మన దేవదాసులు, బాలమ్మలు కాగితము మీద ఎవరో పరాయివారై కనబడుదురు. దీనికి తోడు బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రికార్డులోని పేరు ఒకటి, ఇంట పిలిచే పేరు ఒకటి. నా సలహా ఏమనగా, ఆధారులో ఉన్న పేరునే ఇంగ్లీషులోను స్థానిక భాషలోను ఒక కాగితము మీద స్పష్టముగా వ్రాసి ఫారముతో కూడ ఇవ్వండి. స్థానిక అక్షరములు వచ్చిన మన బడిపిల్లల చేత వ్రాయించండి. వారు మనకంటె బాగుగా వ్రాయుదురు. ఒకటి రెండు అక్షరములు తప్పినను, మనిషి అతడేనని తెలిసినచో ఓటు నిరాకరింపరు. తప్పు సరిచేయుటకును 8వ ఫారమే.

ప్రత్యేక సవరణ గురించి ఒక మాట. దేశమంతట జాబితాలను ఇంటింటికి తిరిగి క్రొత్తగా తయారుచేయవలెనని ఎన్నికల కమిషను 2025 జూన్ 24న ఆజ్ఞ ఇచ్చినది. మొదట బీహారులో జరిగినది. 2025 నవంబరు 4న మరి 9 రాష్ట్రములలోను 3 కేంద్రపాలిత ప్రాంతములలోను మొదలైనది. వాటిలో తమిళనాడు, యానాముతో కూడిన పుదుచ్చేరి ఉన్నవి. ఇటువంటి సవరణలో ఇంటికి వచ్చిన ఫారము తిరిగి ఇవ్వనివారి పేరు ముసాయిదా జాబితాలో ఉండదు. "ఎన్నో ఏండ్లుగా ఓటు వేయుచున్నాము, మా పేరెందుకు పోవును?" అని ఊరకుండవద్దు, జాబితా తెరచి చూచుకొనండి. పేరు పోయినచో 6వ ఫారము ఇవ్వవచ్చును. నమోదు అధికారి కాదన్నచో 15 దినములలో జిల్లా మేజిస్ట్రేటుకు, అక్కడను కాదన్నచో 30 దినములలో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి అప్పీలు చేసికొను హక్కు చట్టములోనే ఉన్నది.

ఓటు వేయు విధములు

పోలింగు కేంద్రములో ఓటరు కార్డు లేకున్నను ఆధారు, ఫొటో ఉన్న పాసుపుస్తకము, ఉపాధి హామీ కార్డు, డ్రైవింగు లైసెన్సు వంటి గుర్తింపు పత్రము చూపవచ్చును. ఇంటికి వచ్చు ఓటరు స్లిప్పు ఒక్కటే గుర్తింపునకు చాలదు. స్థానిక లిపి చదువలేని మన పెద్దలు దిగులుపడనక్కరలేదు. యంత్రము మీద గుర్తు ఉన్నది, 2015 నుండి అభ్యర్థి ఫొటో కూడ ఉన్నది. (వ్రేలికి పూయు ఆ సిరా 1962 నుండి మైసూరులోనే తయారగుచున్నదని కర్నాటకలోని మన పిల్లలకు చెప్పండి.)

చూపు లేనివారు, బలహీనులు 18 ఏండ్లు నిండిన తోడును లోపలికి తీసికొనిపోవచ్చును. ఆ తోడు వెళ్ళువారు ఆ దినమున ఒక్కరికి మాత్రమే తోడుండవలెను, రహస్యము కాపాడుదునని వ్రాసి ఇవ్వవలెను. కాబట్టి పాస్టరు గారు ముగ్గురు అవ్వలను వెంటబెట్టుకొనిపోయి ముగ్గురికిని తానే మీట నొక్కుట కుదరదు. కన్నబిడ్డలో, మనుమలో పోవుట మంచిది. 85 ఏండ్లు దాటినవారికి, 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము గలవారికి ఇంటి వద్దనే ఓటు వేయు సౌకర్యము ఉన్నది. ఎన్నికల నోటిఫికేషను వెలువడిన 5 దినములలోపు 12డి ఫారము అందవలెను. అట్లు కోరుకొన్నవారు తరువాత బూతుకు వచ్చి వేయుట ఉండదు.

మీరు వెళ్ళునప్పటికి మీ ఓటును వేరొకరు వేసిపోయినచో మౌనముగా తిరిగి రావద్దు. మీరెవరో రుజువు చేసినచో, అధికారి కాగితపు బ్యాలెట్టు ఇచ్చును. దానిని టెండర్డు ఓటందురు. అది సాధారణ లెక్కింపులో కలియదు గాని, వివాదము కోర్టుకు పోయినచో సాక్ష్యమగును.

ఉన్న చోటి నుండే సొంత ఊరికి ఓటు వేయు యంత్రమును గూర్చి కొందరు అడుగుచున్నారు. 2022 డిసెంబరులో కమిషను అట్టి యంత్రమును ప్రతిపాదించిన మాట నిజమే. ఆ తరువాత జరిగిన ఎన్నికలలో, 2024 లోకసభ ఎన్నికతో సహా, అది వాడుకలోనికి రాలేదు. దానికొరకు కాచుకొని ఉండుట వ్యర్థము.

వాక్యము వైపు చూడగా

"మన పౌరస్థితి పరలోకమందున్నది గదా, ఈ గొడవ మనకెందుకు?" అని ఫిలిప్పీ పత్రికను చూపువారు ప్రతి సంఘములోను ఒకరిద్దరుందురు. ఆ పత్రిక వ్రాసిన పౌలే, కొరడాలతో కొట్టుటకు తన్ను కట్టుచుండగా తాను రోమీయుడనని చెప్పి శతాధిపతిని ప్రశ్నించెను. అతని పై అధికారియైన సహస్రాధిపతి ఆ పౌరత్వమును ఎక్కువ వెలయిచ్చి కొనుక్కొన్నవాడు. పౌలు పుట్టుకతోనే పొందినవాడు. పరలోకపు పౌరుడు భూమి మీది హక్కును పారవేయలేదు, అవసరమైన గడియలో మాటలాడెను.

యిర్మీయా ఉత్తరము చెరపట్టబడి బబులోనుకు పోయినవారికి వ్రాసినది. వారి మనస్సంతయు యెరూషలేము మీదనే. అయినను ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని, బిడ్డలకు పెండ్లిండ్లు చేయుడని, ఆ పట్టణపు క్షేమము కోరి ప్రార్థించుడని ప్రవక్త వారికి చెప్పెను. మనము చెరలో లేము, మన ఇష్టముతోనే వచ్చితిమి. మన వీధికి నీరు రానప్పుడు, మన పిల్లల బడికి ఉపాధ్యాయుడు లేనప్పుడు, మన శ్మశాన స్థలమునకు ప్రహరీ అడుగవలసి వచ్చినప్పుడు మనము పోవునది ఇక్కడి శాసనసభ్యుని వద్దకే. జాబితాలో పేరు లేని వీధి మాట ఎవరు విందురు?

ఎవరికి ఓటు వేయవలెనో సంఘము చెప్పరాదు. మతము పేర ఓటడుగుట ఎన్నికల చట్టము ప్రకారము అవినీతి చర్య; 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని మరింత గట్టిగా చెప్పినది. ప్రార్థనా మందిరములో ప్రచారము చేయుటయు కూడదు. అభ్యర్థి వచ్చి కూర్చున్నచో కూర్చుండనిండి, ఆరాధనలో పాలుపొందనిండి. మైకు ఇవ్వవద్దు. అతడు పంచు చీరెలను, డబ్బు కవర్లను తీసికొనుట కూడ ఇచ్చుటవలెనే నేరము.

తరగతిలో మాటలాడుకొనుటకు

1. మన సంఘపు సభ్యత్వ పుస్తకములో 18 దాటినవారెందరు? వారిలో ఈ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవారెందరు? జాబితా తెప్పించి రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి.

2. రెండు చోట్ల పేరున్న సహోదరునితో ఎట్లు మాటలాడవలెను? అందరి యెదుటనా, ఏకాంతముగానా? మత్తయి 18:15 చూడండి.

3. మన ప్రాంతపు బి.ఎల్.ఓ. ఎవరో తరగతిలో ఎవరికైనను తెలియునా? వచ్చే ఆదివారములోపు ఎవరు పోయి కలిసికొందురు?

4. మంచము దిగలేనివారు, 85 దాటినవారు మన కుటుంబములలో ఎవరెవరు? 12డి ఫారము వారి ఇంటికి ఎవరు తీసికొనిపోవుదురు?